విక్టోరియా కాలం ఇంగ్లండ్‌లో అంతస్తులు దాటిన ప్రేమకథ రాయడం ఎలా?

"కథ 1860లలో ఇంగ్లండ్‌లో పెట్టాను. ఎస్టేటు యజమాని కొడుకు, ఆ ఇంట్లో పనమ్మాయి. కానీ చదివినవాళ్లు మన ఊరి కథకే గౌను తొడిగినట్టుంది అంటున్నారు. ఏం చేయాలి?" సీరియళ్లు, నవలలు రాసేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది.

లోపం దాదాపు ఎప్పుడూ ఒకచోటే ఉంటుంది. మనకు తెలిసిన అడ్డు కులం. దాన్ని తీసుకెళ్లి అక్కడ నిలబెడతాం. ఇంగ్లండ్‌లో పనమ్మాయి వండింది ఇంటిల్లిపాదీ తినేవారు, ఆమె చేతి నీళ్లతో స్నానం చేసేవారు, పసిబిడ్డకు దాది పాలు పట్టించేవారు. అంటు, మైల లేవు. 21 నిండిన లార్డు ఒక వంటమ్మాయిని పెళ్లాడతానంటే ఆపే చట్టమూ లేదు. ఆపేవి వేరే ఉన్నాయి: తండ్రి ఇచ్చే భత్యం, వీలునామా, సిఫారసు ఉత్తరం, పలకరింపులు మానేసే ఇరుగుపొరుగు. మీ కథలో అడ్డును ఈ సామగ్రితోనే కట్టాలి. కింది పద్ధతి అందుకే.

కావలసినవి

- ఒక కచ్చితమైన సంవత్సరం, ఆ ఏడాది క్యాలెండరు (ఆదివారాలు ఏ తేదీల్లో పడ్డాయో కావాలి)
- ఒక ఇల్లు, మీ చేత్తో గీసిన దాని ప్లాను
- జీతాలు, రాబడులు రాసుకోవడానికి ఒక పేజీ
- పెళ్లి రిజిస్టరులోని గడులు గీసిన ఇంకో పేజీ
- ఇద్దరి దినచర్య, గంటల వారీగా

1. ముందు సంవత్సరం ఖాయం చేసుకోండి

విక్టోరియా 1837 జూన్ 20 నుంచి 1901 జనవరి 22 వరకు ఏలింది. అరవై మూడేళ్లు. "విక్టోరియా కాలం" అని ఊరుకుంటే మీ కథకు కాలం లేనట్టే. 1845లో నడిచే కథ 1885లో నడవదు. ప్రేమకథకు పనికొచ్చే మలుపులు ఇవి:

- 1840: ఒక పెన్నీకి దేశంలో ఎక్కడికైనా అర ఔన్సు ఉత్తరం.
- 1844: రోజుకొక రైలైనా మైలుకు పెన్నీ చొప్పున మూడో తరగతి వాళ్లను ఎక్కించుకోవాలని చట్టం.
- 1857 మొదటి నుంచి: స్కాట్లండ్‌లో పెళ్లికి జంటలో ఒకరైనా 21 రోజులు అక్కడ ఉండి ఉండాలి.
- 1858: లండన్‌లో విడాకుల కోర్టు. భర్తకు భార్య వ్యభిచారం రుజువైతే చాలు. భార్య అయితే దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి వెళ్లడమో కూడా చూపాలి.
- 1883 మొదటి నుంచి: పెళ్లైన స్త్రీ ఆస్తి ఆమెదే. (1870 చట్టం ఆమె సంపాదనను ఆమెకు వదిలింది, అంతకుమించి పెద్దగా ఇవ్వలేదు.)

ఈ మలుపుల్లో ఒకదానికి సరిగ్గా ముందో, సరిగ్గా తరువాతో కథ పెడితే బిగువు దానంతట అదే వస్తుంది.

2. మొదటి అధ్యాయానికి ముందే పెళ్లి రిజిస్టరు నింపండి

1837 జూలై 1 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి పెళ్లికీ ఒకే నమూనా: తేదీ, ఇద్దరి పేర్లు, వయసు, ఇదివరకు పెళ్లైందా లేదా, హోదా లేదా వృత్తి, నివాసం, తండ్రి పేరు, తండ్రి హోదా లేదా వృత్తి. కింద సంతకాలు, ఇద్దరు సాక్షులు.

మీ జంటకు ఈ గడులన్నీ నింపండి. తండ్రి వృత్తి గడి దగ్గర ఆగండి. ఒకవైపు "జెంటిల్‌మన్" (ఆస్తి రాబడితో బతికే పెద్దమనిషి), మరోవైపు "కూలి". అంతస్తు కాగితం మీద ఇలాగే కనిపించేది. నాయిక తండ్రి కమ్మరా, చిన్న రైతా, కొట్టు యజమానా అన్నదాన్ని బట్టి దూరం మారిపోతుంది. "పేదవాడు" అని రాసుకుంటే ఈ గడి నిండదు.

సంతకం గడి కూడా చూడండి. 1840 ప్రాంతంలో పెళ్లికూతుళ్లలో దాదాపు సగం మంది పేరు రాయలేక ఇంటూ గుర్తు పెట్టారు. మీ నాయిక సంతకం చేయగలదా? జవాబు 5వ మెట్టులో పనికొస్తుంది.

ప్రత్యామ్నాయం: లార్డు, పనమ్మాయి జంట చాలా అరిగిపోయింది. దూరం తక్కువైతే కథ పలచబడుతుందనుకోవద్దు. మిల్లు యజమాని కొడుక్కీ పాత భూస్వామి కూతురికీ మధ్య డబ్బు తేడా లేకపోయినా "వ్యాపారం" అన్న మాట అడ్డుపడుతుంది. గవర్నెస్, అంటే ఇంట్లోనే ఉండి పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ, అయితే ఇంకా చిక్కు. ఆమె చదువు, మాట, మర్యాద అన్నీ యజమాని కూతురికి సమానం. జీతం తీసుకుంటుంది కాబట్టి పై అంతస్తు ఆమెను తనలో కలుపుకోదు, పనివాళ్లూ తమలో కలుపుకోరు. ఒంటరితనం రాయాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాత్ర దొరకదు.

3. అడ్డుకు ధర కట్టండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. ఇక్కడ నిదానంగా ఉండండి.

లెక్క: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. గినీ అంటే 21 షిల్లింగులు. డాక్టరు, లాయరు గినీల్లో తీసుకుంటారు. పనివాళ్ల జీతం పౌన్లలో, ఏడాదికి చెప్తారు.

1861లో వచ్చిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ పుస్తకంలోని అంకెలు మంచి ఆధారం. ఇంటి పని అంతా ఒక్కతే చేసే పనమ్మాయికి ఏడాదికి 9 నుంచి 14 పౌన్లు, బట్లర్‌కు (మగ పనివాళ్ల మీద పెద్ద) 25 నుంచి 50. ఏడాదికి 1000 పౌన్ల రాబడి ఉన్న ఇంట్లో వంటమనిషి, ఇద్దరు హౌస్‌మెయిడ్లు, ఒక ఆయా, ఒక మగమనిషి ఉండొచ్చు. 150, 200 పౌన్ల రాబడి అయితే ఒక్క పనమ్మాయి.

దీన్ని కథలోకి తెద్దాం. మీ నాయకుడు చిన్నకొడుకు, తండ్రి ఏటా 300 పౌన్లు ఇస్తున్నాడనుకోండి. పెళ్లి బయటపడింది, భత్యం ఆగింది. ఏ ఆఫీసులోనో గుమాస్తాగా 150 పౌన్లు సంపాదించాడు. ఆ డబ్బుతో ఒక పనమ్మాయిని పెట్టుకోవచ్చు. అంటే నిన్నటిదాకా బొగ్గులు మోసిన అమ్మాయి ఇవాళ ఇంకో అమ్మాయి చేత బొగ్గులు మోయించాలి. పనమ్మాయిని పిలిచే గంటను ఆమె ఎలా మోగిస్తుంది? ఇలాంటి సన్నివేశం అంకెలు వేసుకుంటేనే దొరుకుతుంది.

కొడుకు ఎన్నోవాడో తేల్చుకోండి. పెద్ద ఎస్టేట్లు తరతరాల ఒప్పందంతో కట్టుబడి ఉండేవి. అలా కట్టుబడిన భూమిని తండ్రి కోపంతో పెద్దకొడుక్కి ఇవ్వకుండా ఆపలేడు, బతికి ఉన్నంతకాలం భత్యం మాత్రం ఆపగలడు. పెద్దకొడుక్కి 21 నిండగానే తండ్రీకొడుకులు కలిసి ఆ ఒప్పందాన్ని మళ్లీ రాసుకోవడం రివాజు. సంతకానికి బదులుగా కొడుక్కి ఏటా భత్యం. ప్రేమ ఈ సంతకానికి ముందు బయటపడితే బేరం ఒకలా ఉంటుంది, తరువాతైతే ఇంకోలా.

అమ్మాయి పై అంతస్తుదైతే లెక్క తిరగబడుతుంది. 1883కు ముందు, ట్రస్టీలతో విడిగా ఏర్పాటు రాయించకపోతే ఆమె డబ్బు, నగలు పెళ్లితోనే భర్తవైపోతాయి. గుర్రపుబండివాడితో కూతురు వెళ్లిపోతే తండ్రి వణికేది పరువు ఒక్కదాని కోసమే కాదు. అతన్ని ఉత్త క్రూరుడిగా రాయకండి, అతని భయానికి చట్టంలో కారణం ఉంది.

హెచ్చరిక: పౌన్లను ఇవాళ్టి రూపాయల్లోకి మార్చి చెప్పొద్దు. "ఆమె రెండు నెలల జీతం" అనండి, పాఠకుడికి అందుతుంది.

4. ఇంటి ప్లాను గీసి, కలిసే చోట్లు వెతకండి

వంటగది నేలమాళిగలో. ఆడ పనివాళ్ల పడకలు అటక గదుల్లో. వాళ్లు పైకీ కిందికీ వెళ్లడానికి వేరే మెట్లు. ఇంటివాళ్ల భాగాన్నీ పనివాళ్ల భాగాన్నీ విడదీస్తూ చప్పుడు వినబడకుండా పచ్చని ఉన్నిగుడ్డ కొట్టిన తలుపు. కట్టడమంతా ఎదురుపడకుండా ఉండటానికే.

ఇప్పుడు ఆమె దినచర్య పక్కన పెట్టండి. ఉదయం ఆరుకు, అంతకు ముందే లేచి ఇంటివాళ్లు లేచేలోపు నిప్పుగూళ్ల బూడిద తీసి, మసి తుడిచి, మంట పెట్టాలి. తరువాత వేణ్నీళ్లు పైకి మోయాలి. ఖాళీ అన్నది ఆదివారం మధ్యాహ్నమో, నెలకొక రోజో. అది కూడా యజమానురాలి దయ. చాలా ఇళ్లలో "వెంట తిరిగే మగవాళ్లు ఉండకూడదు" అన్నది ఉద్యోగ షరతు.

కాబట్టి "తోటలో వెన్నెల్లో రోజూ కలిసేవారు" కుదరదు. కుదిరేవి: వేణ్నీళ్లు తెచ్చిన ఉదయం, మెట్ల మలుపు, ఆమెకు సెలవైన ఆదివారం ఊరి బయటి దారి, ఇంటివాళ్లు సీజనుకు (పెద్దింటివాళ్లు విందులకు, నృత్యాలకు చేరే నెలలకు) లండన్ వెళ్లాక సగం ఖాళీ అయిన ఇల్లు. నాకు బాగా ఇష్టమైన అవకాశం ఉదయపు కుటుంబ ప్రార్థన. పనివాళ్లంతా వరసలో వచ్చి ఇంటివాళ్లతో పాటు ఒకే గదిలో మోకరిల్లుతారు. రోజూ ఒకరికొకరు కనిపిస్తారు, ఒక్క మాటా ఉండదు. ఒక అధ్యాయం అంతా ఆ గదిలో నడపొచ్చు.

5. పిలుపులు, ఉత్తరాలు

ఇంగ్లిషులో "యూ" ఒక్కటే. తెలుగులో మీరు తప్పనిసరిగా నువ్వు, మీరు తేల్చుకోవాలి. దీన్ని ఇబ్బందిగా చూడకండి, ఇంగ్లిషు రచయితకు లేని పనిముట్టు ఇది. అతను ఆమెను "నువ్వు" అనడంతో మొదలుపెట్టండి. ఆమె "మీరు, సర్". అతను మొదటిసారి "మీరు" అన్న రోజు, ఆమె మొదటిసారి "నువ్వు" అన్న రోజు, ఈ రెంటికీ పేజీ నంబరు ముందే వేసుకోండి. మధ్యలో ఎక్కడా జారిపోకుండా చూసుకోండి. ఒకే అధ్యాయంలో రెండూ కలగాపులగమైతే కథ మొత్తం వదులవుతుంది.

"దొరగారు, దొరసాని" వద్దు. ఆ మాటలు వింటే మనకు మద్రాసు ప్రెసిడెన్సీ కలెక్టరు బంగళా గుర్తొస్తుంది, ఇంగ్లండ్ పల్లె కాదు. "సర్", "మేడమ్", "మిస్" చాలు.

పేర్ల విషయంలో నియమాలు కఠినం. పెద్ద కూతురు "మిస్" పక్కన ఇంటిపేరు, చిన్న కూతుళ్లకు సొంతపేరు కూడా చేరుతుంది. "సర్" బిరుదున్నవాడికి తరువాత సొంతపేరు రావాలి, ఉత్త ఇంటిపేరు రాకూడదు. ఆడ పనివాళ్ల మీద పెద్ద అయిన హౌస్‌కీపర్ పెళ్లికానిదైనా "మిసెస్". బట్లర్‌ను ఇంటిపేరుతో పిలుస్తారు. వడ్డన, తలుపు పనులు చూసే ఫుట్‌మ్యాన్ అసలు పేరేదైనా కొన్ని ఇళ్లలో "జేమ్స్" లేదా "జాన్". పనమ్మాయి పేరు ఇంటి కూతురి పేరుతో కలిస్తే మార్చేస్తారు. మీ నాయకుడికి ఆమె అసలు పేరు ఎప్పుడు తెలుస్తుంది?

ఉత్తరం రాయించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు మోశారు, ఎవరు చూశారు, ఎవరు చదివారు. పెద్ద పల్లె బంగళాల్లో టపా సంచికి తాళం ఉండేది, యజమాని ఎదుటే తెరిచేవారు. పనమ్మాయికి పెద్దమనిషి దస్తూరీతో ఉత్తరం వస్తే అల్పాహారం ముగిసేలోపు ఇల్లంతా తెలుస్తుంది. దారులు రెండు: పోస్టాఫీసులోనే ఉంచమని రాయడం, లేదా పత్రికలో వ్యక్తిగత ప్రకటన. టైమ్స్ మొదటి పేజీలో ప్రేమికులు సంకేత లిపిలో ప్రకటనలు వేయించేవారు. ఆమెకు చదువు రాకపోతే చదివిపెట్టే మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషే మీ కథకు ప్రమాదం.

ఉత్తరం సాక్ష్యం కూడా. పెళ్లాడతానని మాటిచ్చి తప్పితే నష్టపరిహారానికి దావా వేయొచ్చు, కోర్టులో ప్రేమలేఖలు చదివి వినిపించేవారు. అందుకే జాగ్రత్తపరుడైన నాయకుడు రాయడు. రాశాడంటే ఏం పణంగా పెడుతున్నాడో తెలిసే రాశాడు.

6. పెళ్లి దారి ఎంచుకోండి, రోజులు లెక్కపెట్టండి

- చర్చిలో ప్రకటనలు: మూడు ఆదివారాలు, ఇద్దరి పారిష్‌లలోనూ (ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతం) చదవాలి. (మన తెలుగు చర్చిల్లో ఇప్పటికీ చదివే పెళ్లి ప్రకటనల్లాంటివే.) మైనరు, అంటే 21 లోపువారి తల్లిదండ్రులు లేచి అభ్యంతరం చెబితే ఆగిపోతుంది. పెద్ద నగరాల పారిష్‌లలో పొడవాటి జాబితా చదివేవారు, అందులో పేరు కలిసిపోతుంది. రహస్యపు పెళ్లికి ఇది మంచి చోటు.
- బిషప్ లైసెన్సు: ప్రకటనలు అక్కర్లేదు. జంటలో ఒకరు ఆ పారిష్‌లో 15 రోజులు ఉన్నట్టు, మైనరు అయితే తండ్రి ఒప్పుకున్నట్టు ప్రమాణం చేయాలి.
- రిజిస్ట్రారు ఆఫీసు: నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలి. ఎక్కువ రుసుముతో లైసెన్సు తీసుకుంటే త్వరగా అవుతుంది. 1856 వరకు ఈ నోటీసులను పేదల సహాయ బోర్డు సమావేశంలో చదివేవారు, దాంతో గౌరవస్థులు వెనుకాడేవారు.
- స్కాట్లండ్: లండన్ నుంచి సరిహద్దు దగ్గరి కార్లైల్‌కు దాదాపు 300 మైళ్లు. మైలుకు పెన్నీ చొప్పున 25 షిల్లింగులు. ఏడాదికి 12 పౌన్లు తెచ్చుకునే అమ్మాయికి అది నెల జీతం కంటే ఎక్కువ. 1857 తరువాత దిగిన రోజే పెళ్లి అసాధ్యం.

హెచ్చరిక: అర్ధరాత్రి చర్చిలో పెళ్లి చేయించకండి. 1886 వరకు పెళ్లి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపే, తరువాత 3 దాకా పొడిగించారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఇచ్చే ప్రత్యేక లైసెన్సు ఒక్కటే దీనికి మినహాయింపు. అది పనమ్మాయిని పెళ్లాడేవాడికి చిక్కే వస్తువు కాదు.

ఇంకో పెద్ద తప్పు: "తండ్రి వచ్చి పెళ్లి రద్దు చేయించాడు." వయసు అబద్ధం చెప్పినంత మాత్రాన జరిగిన పెళ్లి చెల్లకుండా పోదు. 1889 జూలైలో "డన్‌లో" అనే పేరున్న వైకౌంట్ (ప్రభువుల బిరుదుల్లో ఒకటి), 20 ఏళ్లవాడు, మ్యూజిక్ హాల్ గాయని బెల్ బిల్టన్‌ను లండన్‌లో రిజిస్ట్రారు దగ్గర పెళ్లాడాడు. తండ్రి క్లాన్‌కార్టీ ఎర్ల్ (వైకౌంట్ కంటే పై బిరుదు) రద్దు చేయించలేకపోయాడు. కొడుకును ఆస్ట్రేలియా పంపి, ఆమె వెనక డిటెక్టివులను పెట్టి, విడాకుల దావా నడిపించాడు. 1890లో జ్యూరీ ఆమె పక్షాన తీర్పు చెప్పింది. మరుసటేడు మామ చనిపోయాడు, ఆమె కౌంటెస్ (ఎర్ల్ భార్య) అయింది. మీ కథలోని తండ్రికి కూడా ఇవే ఆయుధాలు: దూరం, డబ్బు, అపవాదు.

7. ఎవరు ఎంత చెల్లిస్తారో రాయండి

దొరికిపోతే అతనికి మందలింపు, ప్రయాణం. ఆమెకు ఆ రోజే బయటికి దారి, చేతిలో సిఫారసు ఉత్తరం లేకుండా. ఆ ఉత్తరం లేకపోతే మరో మంచి ఇంట్లో పని దొరకదు. పని పోవడమంటే పడక, తిండి కూడా పోవడమే.

పెళ్లి కాకుండా బిడ్డ పుడితే, 1834 నాటి పేదల సహాయ చట్టం భారాన్ని దాదాపు మొత్తం తల్లి మీదే వేసింది. 1844 నుంచి ఆమె మెజిస్ట్రేట్ల దగ్గర మనోవర్తి అడగొచ్చు, కానీ తన మాటకు తోడు వేరే సాక్ష్యం చూపాలి. గరిష్ఠం వారానికి రెండున్నర షిల్లింగులు, 1872లో అయిదయింది. తరువాత పెళ్లి చేసుకున్నా ఇంగ్లండ్ చట్టంలో ఆ బిడ్డ సక్రమ సంతానం కాడు, 1926 దాకా ఇదే స్థితి. స్కాట్లండ్‌లో అవుతాడు. "ఆలస్యంగా పెళ్లి, కొడుకే వారసుడు" అనే ముగింపు రాసుకున్నవారు ఇక్కడ ఆగి సరిచూసుకోండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. కాదంటే ఉద్యోగం పోయే అమ్మాయి మౌనాన్ని అంగీకారంగా రాయకండి. ఆమె కాదనగలిగే చోటు ఒకటి కథలో ఉండాలి: వేరే ఉద్యోగం, దాచుకున్న జీతం, పుట్టింటి తలుపు. ఆ చోటు నుంచి ఆమె అవునంటేనే అది ప్రేమకథ.

8. పెళ్లి తరువాత ఏమవుతుందో వదిలేయకండి

రెండు నిజమైన జంటలు చూడండి. ససెక్స్‌లోని అప్‌పార్క్ యజమాని సర్ హ్యారీ ఫెదర్‌స్టన్‌హా, డెబ్భై దాటాక, 1825లో తన డెయిరీలో పనిచేసే మేరీ ఆన్ బులక్‌ను పెళ్లాడాడు. చదువు, మర్యాదలు నేర్చుకోమని పారిస్ పంపాడు. 1846లో అతను పోయాక ఇల్లు ఆమెకే వచ్చింది, 1874లో చనిపోయేదాకా అక్కడే ఉంది. ఆ పెళ్లిని ఆపే తండ్రి లేడు, భత్యం ఆపేవాడు లేడు. డబ్బు ఎవరి చేతిలో ఉందో నిషేధం వాళ్ల చేతిలోనే ఉందని ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ లేదు.

రెండోది ఆర్థర్ మన్బీ, హానా కల్విక్. అతను చదువుకున్న ప్రభుత్వోద్యోగి, ఆమె ష్రాప్‌షైర్ నుంచి వచ్చిన పనిమనిషి. 1854లో కలిశారు, 1873 జనవరి 14న రహస్యంగా పెళ్లాడారు. తరువాత కూడా ఆమె అతని గదుల్లో పనిమనిషిగానే కనిపించింది. "లేడీ"గా బతకడం తనకు ఇష్టం లేదని తన డైరీల్లో రాసుకుంది. ఆ డైరీలు కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో ఉన్నాయి. పైకి ఎక్కడమే ప్రతి నాయికా కోరిక అనుకునేవారు ఈ ఒక్క జీవితం ముందు తమ కథను మళ్లీ చూసుకోవాలి.

తరచూ దొర్లే చిన్న తప్పులు

పేద పెళ్లికూతురికి తెల్ల గౌను తొడగడం. 1840లో రాణి తెల్లది వేసుకున్నా, మామూలు అమ్మాయిలు తమ దగ్గరున్న మంచి రంగు గౌనుతోనే, తరువాత ఆదివారాలకూ పనికొచ్చేలా, పెళ్లాడేవారు. 1860లో పల్లె బంగళాలో కరెంటు దీపం. 1850లో సైకిలు మీద ఏకాంత షికారు (అమ్మాయిలకు అది 1890ల మాట). "వంశ మర్యాద మంటగలిసింది" అనే తండ్రి. అతని నోట "నీ చెల్లెళ్లను ఇక ఎవరు పెళ్లాడతారు?" అనే మాట ఎక్కువ నిజం.

సరిచూసుకోవడం ఎలా

పాత్రల పేర్లు మార్చి కథను గోదావరి జిల్లాలో పెట్టి చూడండి. ఒక్క సంఘటనా మార్చకుండా నడిచిపోతే అడ్డు ఇంకా మనదే. 3వ మెట్టుకు వెళ్లండి.

తండ్రి కోపాన్ని పూర్తిగా తీసేయండి. అప్పుడూ పెళ్లి కష్టంగానే ఉంటే కట్టడం గట్టిది.

ప్రతి రహస్య సమావేశం పక్కన గంట రాసి, ఆ గంటలో ఆమె చేయాల్సిన పని ఎవరు చేశారో రాయండి. జవాబు లేని సమావేశాన్ని కొట్టేయండి, లేదా ఆ పని చేసిపెట్టిన స్నేహితురాలిని కథలోకి తెండి.

చివరగా 2వ మెట్టులో నింపిన రిజిస్టరు పేజీ తీయండి. పెళ్లికూతురి వృత్తి గడిని, ఆమె ఏళ్ల తరబడి పనిచేసినా, చాలాసార్లు ఖాళీగా వదిలేసేవారు. మీ నాయిక ఆ ఖాళీని చూస్తుంది. ఏదైనా రాయమంటుందా, అలాగే ఉండనిస్తుందా? మీకు వెంటనే తోచకపోతే ఆమె గురించి ఇంకా తెలుసుకోవాల్సింది ఉంది, ముగింపు అప్పుడే రాయకండి.